ఆరు ముక్కల మాట

మూడింటికి సంతకం కావాలన్నాడు పర్సనెల్ మేనేజరు. ఇప్పుడు రెండూ అయిదు. ఒక్క కాయితం, ఒకే వైపు టైపు కొట్టింది, గట్టిగా చూస్తే పదహారు లైన్లు. "నిదానంగా చదువుకోవయ్యా బాలప్పా, నీకు ఇంగ్లీషు వచ్చుగా," అని నవ్వి, ఈ వరండాలో బెంచీ చూపించి లోపలికి వెళ్లిపోయాడు. ఆ నవ్వుకు ఒళ్లు మండింది. వచ్చు, ఎందుకు రాదు, వచ్చే కదా ఈ చావు వచ్చింది. కాయితంలో ఏముందో మొదటిసారి చదవగానే తెలిసిపోయింది. సోమవారం రెండో షిఫ్టులో కిష్టప్ప అనే ఆపరేటరు డ్రమ్ము మీది పేరు చదివించుకోకుండా, ఎవరికీ చెప్పకుండా, తనంతట తానే తప్పు మందును, అంటే రసాయనాన్ని, మందులు తయారయ్యే రియాక్టరులో పోశాడట. బాలప్ప అనే నేను దూరంగా ఉన్నానట, వద్దని అరిచేలోపే అయిపోయిందట. కిష్టప్ప నాకు బావ. సొంత బావ కాదు, పాశమైలారంలో వాళ్ల వాడ వేరు మా వాడ వేరు, వరసకు పిలుచుకునే బావ. కానీ తొమ్మిదేళ్లు ఒకే రియాక్టరు ముందు నిలబడ్డాక సొంతమేమిటి, పరాయేమిటి. నాలుగు రోజులుగా రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లతో పట్నం దవాఖానలో పడి ఉన్నాడు. ఈ కాయితం మీద నేను సంతకం పెడితే తప్పు ఆయనదే అని తేలిపోతుంది, నౌకరీ పోతుంది. పెట్టకపోతే మరి తప్పెవరిదని అడుగుతారు. అది నేను చెప్పాలి. నాదే అని చెప్పాలి.

మొదటి లైన్లోనే కూర్చుంది ఆ మాట. రె-స్పాన్-సి-బి-లి-టీ. ఆరు ముక్కలు. బరువు నాలుగో ముక్క మీద, బి మీద. చివర 'ఇటీ' ఉన్న మాటకు దాని ముందు ముక్క మీదే నొక్కాలి, ఎబిలిటీ, క్వాలిటీ, కెపాసిటీ, ఏది తీసుకో, అంతే. రెండో లైన్లో ఇన్-వె-స్టి-గే-షన్, అయిదు ముక్కలు, 'షన్' అని తోక కనపడితే ఆలోచించే పనే లేదు, తోక ముందరి ముక్క మీద పడాల్సిందే, గే. మూడో లైన్లో నె-గ్లి-జెన్స్. పొట్టిది, మూడే ముక్కలు, ఎక్కడమే నె మీద ఎక్కుతుంది. థూ, ఇదీ నా బుర్ర. మనిషి చేతులు కాలి అక్కడ పడి ఉంటే నేనిక్కడ ముక్కలు లెక్కపెట్టుకుంటున్నాను. కానీ ఏం చెయ్యను, కళ్లు లైను మీద పడితే చాలు వేలు దానంతటదే అక్షరం కింద చేరుతుంది, పెదవులు కదులుతాయి, మాట ముక్కలవుతుంది. మా ఇంటిది సత్తెమ్మ అంటుంది, నువ్వు సబ్బు మీద రాసింది గూడ చదువనిది తానం చెయ్యవు అని. నిజమే. ఆటో వెనకా, సిమెంటు బస్తా మీదా, ఎక్కడ పొడుగు ఇంగ్లీషు మాట కనపడినా దాన్ని విరిచి, ఎక్కడ నొక్కాలో తేల్చుకునేదాకా నాకు తోచదు. కొందరికి వేళ్లు విరుచుకునే అలవాటు ఉండదా, నాకిది.

ఎవరు అంటించారంటే ఐలన్న. నేను కంపెనీలో చేరిన యేడు ఆయనే మా పెద్ద ఆపరేటరు, తలంతా నెరిసి, నోట్లో ఎప్పుడూ వక్కపలుకు. చదువుకున్నది నాలుగో తరగతి. కంపెనీకి రాకముందు పటాన్‌చెరు అవతల జొన్నల మీదా శనగల మీదా పరిశోధన చేసే క్యాంపస్‌లో పన్నెండేళ్లు తోటపని చేశాడు. అక్కడ దేశదేశాల దొరలు గట్ల మీద నడుస్తూ మాట్లాడుకుంటుంటే వెనక నీళ్లు పెడుతూ విన్నాడు. అర్థం తెలియదు, నడక తెలిసింది. నేను పదో తరగతి పాసై వచ్చినవాణ్ణి, తెలుగు మీడియం, ఏ మందు ఎంత పోయాలో రాసిన బ్యాచ్ షీటు చేతిలో పెడితే చెమటలు పట్టాయి, ఒక్కొక్క మందు పేరు జానెడు పొడుగు. అప్పుడాయన నన్ను పక్కకు పిలిచి చెప్పిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "తెల్లోడు మాట మొత్తం నడువడుర బిడ్డా. వాగుల రాళ్ల మీద దాటినట్టు ఒక్క పెద్ద రాయి మీద కాలు ఆనిస్తడు, మిగిలినయి ఊకె తాకిచ్చుకుంట పోతడు. ఆ పెద్ద రాయేదో నువ్వు దొరకవట్టు, ఇగ మాట నీదే." అని చేతిలో స్పానర్‌తో డ్రమ్ము మీద కొట్టి చూపించాడు. డై-మి-థైల్, టక్ టక్ టక్, ఫార్, ఠంగ్, మ-మైడ్, టక్ టక్. నాకు నవ్వొచ్చింది. తరవాత వచ్చేసింది, మాట.

మన మాటలకు ఈ గొడవ లేదు. బంతిలో విస్తర్లు వేసినట్టు అన్ని అక్షరాలకూ సమానంగా వడ్డించుకుంటూ పోతాం, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ పెట్టే బుద్ధి మన నోటికి లేదు. మరీ అంటే నిడివి ఉంటుంది, పొట్టి అక్షరం, పొడుగు అక్షరం. సంగారెడ్డి హైస్కూల్లో తెలుగు సారు బెత్తం పట్టుకుని లఘువు గురువులు గుర్తించమనేవాడు, లఘువుకు నిలువు గీత, గురువుకు గిన్నె గీత, మూడేసి అక్షరాలకు ఒక గణం. ఆ విద్యను నేను తీసుకొచ్చి మందుల పేర్ల మీద పెట్టాను, పిచ్చి ముండాకొడుకును, ఇంకెవరైనా చేస్తారా ఈ పని? డైమిథైల్‌ఫార్మమైడ్. డై గురువు, మి లఘువు, థైల్ గురువు. ఫార్ గురువు, మ లఘువు, మైడ్ గురువు. రగణం, మళ్లీ రగణం. ఆ రోజు నాకు కలిగిన సంతోషం పెళ్లిరోజున కూడా కలగలేదు. పద్యంలో కొలిచి పోసినట్టు ఉంది మందు పేరు, దానిమీద ఐలన్న చెప్పిన ఠంగ్ ఫార్ మీద పడితే ఇక పాటే. కిష్టప్ప బావకు చూపిస్తే ఆయనకు అక్షరం ముక్క రాదు గాని మొహం విప్పారింది, "మల్లొకసారి గొట్టు, మల్లొకసారి," అన్నాడు. అప్పటినుంచి షెడ్డులో నా పేరు పద్యాల బాలప్ప.

అంజన్న స్టూలు మీద కునుకుతున్నాడు. మేనేజరు గది తలుపు కాపలా ఆయన పని. తలుపు పక్కన పెద్ద అద్దం కిటికీ, ఆ అద్దానికి లోపలి నుంచి ఆకుపచ్చ పరదా సగం లాగి ఉంది. లోపల మేనేజరు ఎవరితోనో మాట్లాడుతున్నాడు, మాటలు వినపడవు, ఫ్యాను రొద వినపడుతుంది. గాలి మారినప్పుడల్లా ప్లాంటు వాసన వస్తుంది, మొదట్లో కళ్లమ్మట నీళ్లు పెట్టించిన ఈ వాసన ఇప్పుడు లేకపోతే ఊపిరి ఆడదేమో. రెండూ ఇరవై. బయట వరండా చివర గోడ కనపడుతుంది, ఆ గోడ కట్టకముందు అక్కడ మా నాయన జొన్న వేసేవాడు. ఫ్యాక్టరీల ఎస్టేటుకు పోయింది భూమి, బదులుగా ఇంటికొక నౌకరీ అన్నారు, నాకు దొరికింది, నౌకరీ పోతే నేను దున్నుకోవడానికి ఆ గోడ తప్ప ఏమీ లేదు. ఇదంతా ఎందుకు గుర్తొస్తుందో నాకు తెలుసు. సంతకం పెట్టడానికి కారణాలు ఏరుకుంటున్నాను. మా ఇంటి సంగతులు నాకు ఇంత బాగా గుర్తొస్తున్నప్పుడు వాళ్ల ఇంటి సంగతులెందుకు రావు? ఆయనకు మాత్రం ఏముంది, ఆయన పొలం గోడకు ఇంకో పక్కన పోయింది.

రూలు మంచిదే, రూలును తిట్టే పని లేదు. బయటి దేశం నుంచి మందు కొనేవాళ్లు తనిఖీకి వచ్చి, పొట్టిపేర్లు వాడొద్దు, డైమిథైల్‌ఫార్మమైడ్‌ను డీఎమ్మెఫ్ అంటే కుదరదు, డ్రమ్ము మీద ఏముందో పూర్తి పేరు ఒకడు పైకి చదవాలి, అది విన్నాకే ఇంకొకడు మూత తియ్యాలి, ఇద్దరూ షీటు మీద సంతకమో వేలిముద్రో పెట్టాలి అని రాసిపోయారు. చదివేది నేను, పోసేది బావ. డ్రమ్మును అంచు మీద దొర్లించుకుంటూ రియాక్టరు దగ్గరికి తెచ్చి నిలబెట్టేవాడు, మెడలో తువ్వాలతో పేరు మీది దుమ్ము తుడిచేవాడు, తరవాత డ్రమ్మును రెండు చేతులతో పట్టి పేరు నా వైపు వచ్చేలా తిప్పేవాడు. తిప్పి, "చెప్పు బాలప్పా," అనేవాడు. తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా తిప్పకుండా చెప్పమనలేదు. నేను మొదటి యేడు దగ్గరికి వెళ్లి, వంగి, అక్షరం కింద వేలు పెట్టి చదివేవాణ్ణి. మూడో యేటికి నాలుగడుగుల దూరం నుంచి చదివాను. తనిఖీ దొర ఒకసారి నా నోట ఆ పేర్లు విని మా చీఫ్ కెమిస్టు వైపు చూసి కనుబొమ్మలు ఎగరేశాడు, ఇంత స్పష్టంగా పలికే ఆపరేటరును ఎక్కడా చూడలేదన్నాడట. ఆ మాట నా నెత్తికెక్కింది. ఎక్కిందంటే ఎక్కింది, దాచడమెందుకు. ఆ తరవాత మూలన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, షీటు ఒళ్లో పెట్టుకుని, తల ఎత్తకుండా చదవడం మొదలుపెట్టాను. చదవడమేమిటి, ఒప్పజెప్పడం. ఆ రియాక్టరుకు ఏ బ్యాచీలో ఏది ఎన్నోది వస్తుందో నాకు నోటికి తెలుసు, డ్రమ్ము అంచు నేలమీద ఆగిన చప్పుడు వినపడగానే నోట్లోంచి పేరు వచ్చేది, ఠంగ్‌తో సహా. బావ తుడిచి, తిప్పి, విని, మూత తీసేవాడు. నా వైపు తిప్పిన ఆ పేర్లను నేను ఎన్నేళ్లుగా చూడలేదో ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాను.

సోమవారం ఎనిమిదో డ్రమ్ము. ముందు ఏడు సరైనవే. రెండో షిఫ్టు అప్పుడే మొదలైంది, ఎండ రేకుల మీద పటపటమంటోంది. స్టోరు నుంచి వచ్చిన ఎనిమిదోది కూడా నీలం డ్రమ్మే, అదే ఎత్తు, అదే మూత. స్టోరువాళ్లు తప్పు పంపించారు, అది నిజం, ఈ కాయితంలో స్టోరు మాట ఒక్కటి లేదు, దానికీ నాకు కోపం ఉంది, కానీ ఆ కోపాన్ని చాటు చేసుకుని నేను దాక్కోలేను. దాని మీద ఉన్నది థయొనైల్ క్లోరైడ్. థ-యొ-నైల్, మూడు ముక్కలు, మొదటి దాని మీద నొక్కు. పక్కన వేరే మాట, క్లో-రైడ్. రెండు మాటలు! మా మందుది ఒక్కటే పొడుగు మాట. చదవడం కూడా అక్కర్లేదు, ఒక్కసారి తలెత్తితే చాలు, మధ్యలో ఖాళీ కనపడేది, చదువురాని మనిషికి కూడా ఎవరైనా చూపిస్తే కనపడేది. నేను తలెత్తలేదు. ముందు పేజీలో నింపాల్సిన గళ్లు నింపుకుంటున్నాను. అంచు ఆగిన చప్పుడైంది, తువ్వాల తుడిచిన చప్పుడైంది. "చెప్పు బాలప్పా." డై-మి-థైల్-ఫార్-మ-మైడ్. ఎంత బాగా పలికానో. రెండు రగణాలు, ఫార్ మీద నొక్కు, ఎక్కడా తడబాటు లేదు. బావ మూత తీశాడు.

తెల్లటి పొగ ముందు వచ్చిందో, అరుపు ముందు వచ్చిందో గుర్తులేదు. రియాక్టరులో పోస్తుండగానే, మందు పోసే మ్యాన్‌హోలు నోట్లోంచి ఎగజిమ్మింది, ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు గాబట్టి కళ్లు దక్కాయి, చేతులు మాత్రం డ్రమ్మును వదల్లేదు, వదిలితే అదంతా షెడ్డు నేల మీద పోతుందని, అటువైపు ఆరుగురు పనిచేస్తున్నారని. నిలబెట్టి, మూత పెట్టి, అప్పుడు కూలబడ్డాడు. నేను లాక్కుపోయి షవరు కింద కూర్చోబెట్టాను. నీళ్లు పడుతున్నాయి, ఆయన చేతులవైపు చూడలేక తలవైపు చూస్తున్నాను. పళ్లు కొట్టుకుంటున్నాయి ఆయనకు. ఆ పళ్ల సందుల్లోంచే అడిగాడు.

"నువ్వు చదివినవ్ గద బాలప్పా?"

"చదివిన బావా."

"గట్లనా. మరైతే నేనే గలత్ డ్రమ్ము తెచ్చినట్టున్న."

అంతే. నేను కాదు అనలేదు. నీళ్ల చప్పుడులో వినపడదులే అనుకున్నానా, అంబులెన్సు వచ్చాక చెబుదామనుకున్నానా, ఏమనుకున్నానో. చదివిన అన్న మాట అబద్ధం కూడా కాదు చూడు, పైకి చదివాను, అందరూ విన్నారు, షెడ్డులో ఆరుగురు సాక్షులు. అంతకంటే పచ్చి అబద్ధం నా జన్మలో ఆడలేదు. డ్రమ్ము మీద ఉన్న పేరు వేరు, బాలప్ప పలికిన పేరు వేరు కదా అని ఎవరైనా ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తే బయటపడేది. ఎవరూ ఆలోచించలేదు. పద్యాల బాలప్ప చదివితే తప్పుంటుందా, కిష్టప్పే చదివించుకోని ఇంకో డ్రమ్ము తెచ్చి పోసి ఉంటాడు, మందు మధ్యలో మారి ఉంటుంది, అలాగే అనుకున్నారు అందరూ. నా పలుకే నన్ను కాపాడింది. కాపాడిందని చెప్పుకోవడానికి నోరు ఎలా వస్తుందో నాకే తెలియదు.

రెండూ ముప్ఫై అయిదు. అంజన్న లేచి కుండలోంచి నీళ్లు తెచ్చి ఇచ్చాడు, "అంతగనం ఏమున్నదే అండ్ల, గంట సంది చదువుతున్నవ్?" అన్నాడు. ఏమీ లేదన్నాను. గ్లాసులో నీళ్లు కాయితం మీద పడ్డాయి, తుడిచాను. నాలుగో లైను, అన్-ఆ-థ-రైజ్డ్. అధికారం లేని పని చేశాడట బావ. ఆఖరి లైను, వా-లన్-ట-రి-లీ, అయిదు ముక్కలు, బరువు మొదటిదాని మీద అని ఒక పాత డిక్షనరీలో చూశాను, అమెరికావాళ్లు మూడోదాని మీద నొక్కుతారట, ఏదో ఒకటి చావనీ. నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతం లేకుండా ఈ మాట చెబుతున్నానని దాని అర్థం. డిక్షనరీ కొన్నది కూడా ఈ పిచ్చితోనే, పటాన్‌చెరు బస్టాండు దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర, మాటల పక్కన నొక్కు గుర్తులు ఉన్నది కావాలని ఏరి మరీ కొన్నాను. ఇన్ని మాటల్లో ఏ ముక్క మీద బరువు పడాలో తేల్చినవాణ్ణి, ఈ పదహారు లైన్ల బరువంతా తీసుకెళ్లి చేతులు కాలిన మనిషి మీద పెడుతున్నారని తెలియదా నాకు? తెలుసు. తెలిసే కూర్చున్నాను.

మొన్న దవాఖానకు వెళ్లాను. ఆగమ్మక్క, బావ పెళ్లాం, మంచం పక్కన నేల మీద కూర్చుని జావలో చెంచా తిప్పుతోంది. బావకు మత్తు మందిచ్చారు, నిద్రపోతున్నాడు, నిద్రలో కూడా కట్ల చేతులు రెండూ ఏదో పట్టుకున్నట్టు పైకి లేపే ఉన్నాయి. నన్ను చూసి లేచి కుర్చీ ఇచ్చింది, నాకు! నేను కూర్చోలేదు. "చేతులు పూరాగ రావంటున్నరు తమ్మీ. ముద్ద గలుపుకునేటందుకు వస్తె సాలు అనుకుంటున్న," అంది. ఏడవలేదు, ఏడ్చి ఏడ్చి ఆగిన గొంతు. చెబుదామని నోరు తెరిచాను, దేవుడి సాక్షిగా తెరిచాను. ఆమె నాకంటే ముందు మాట్లాడింది. "కంపెనోళ్లు ఇంగ్లీషు కాయిదాలు ఏమన్న తెస్తె నువ్వే చదివి చెప్పాలె తమ్మీ. మాకెవలున్నరు? ఈయన నువ్వు చెప్తెనే డ్రమ్ము మూత తీస్తడు, నేను గూడ గంతే." అంది. ఆ మాట విన్నాక నేను తెరిచిన నోటితో ఏం మాట్లాడానో తెలుసా? డాక్టరు చీటీ చూపించు అక్కా, చదివి పెడతా అన్నాను. చదివాను కూడా. ఆం-టీ-బ-యా-టిక్. 'ఇక్' ముందరి ముక్క మీద నొక్కు.

ఇంటికొచ్చి రెండు ముద్దలు తిని లేచిపోయాను. సత్తెమ్మ ఏమైంది ఏమైంది అని చంపుకు తిన్నది, ప్లాంటు పొగ పట్టిందన్నాను. దానికీ అబద్ధమే. మా పిల్ల కిష్టారెడ్డిపేట ఇంగ్లీషు బడిలో మూడో తరగతి, ఆ రాత్రి పుస్తకం తెచ్చి ఎగ్జామినేషన్ ఎట్ల విడగొట్టాలె బాపు అని అడిగింది, పొమ్మని కసిరాను. ఎప్పుడూ కసరను ఆ విషయంలో. అది బిక్కమొహం వేసుకుని వెళ్లిపోయింది. ఉద్యోగం పోతే ఆ బడి మానిపించాలి, అది నిజం. కేసు పెడతారేమో, అదీ నిజమే. ఇంకా పెద్ద నిజం ఇంకోటి ఉంది, పైకి అనుకోవడానికి కూడా సిగ్గు. పద్యాల బాలప్ప చదవకుండా చదివేవాడట అని షెడ్డులో నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడుతున్నాను నేను, జీతం కంటే ఎక్కువ, పోలీసు కంటే ఎక్కువ. ఛీ. బావ చేతులొక పక్కన, నా బిరుదొక పక్కన పెట్టి తూచుకుంటున్న మనిషిని ఏమనాలి?

రెండూ యాభై. సరే, పెట్టను. సంతకం పెట్టను. అనుకున్నాను, అనుకోగానే ఒళ్లు తేలికైనట్టనిపించింది, అప్పుడే కక్కుర్తి బుద్ధి ఇంకో దారి చూపించింది: ఇప్పుడే లోపలికి పోయి చెప్పడమెందుకు, ఒంట్లో బాగాలేదని రేపటికి వాయిదా అడుగు, సాయంత్రం బస్సెక్కి పట్నం పో, ముందు ఆగమ్మక్కకు చెప్పు, ఆమెకు చెప్పకుండా మేనేజరుకు చెప్పడం న్యాయం కాదు. ఎంత చక్కటి మాట, న్యాయమట. నాలుగు రోజులు దాచినవాడికి ఇప్పుడు వరస తప్పుతుందని బెంగ. అయినా అదే నిశ్చయం చేసుకున్నాను. సాయంత్రం చెబుతా. ఆమెకు చెప్పాక ఆమె తిట్టినా కొట్టినా పడతా, రేపు పొద్దున వచ్చి ఇక్కడ చెబుతా. కాయితం నాలుగు మడతలు పెట్టబోయి, అలవాటు కొద్దీ మళ్లీ ఒకసారి మొదటి లైను మీద వేలు పెట్టాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి ఆగమ్మక్క బయటికి వచ్చింది.

కొంగుకు కుడిచేతి బొటనవేలు తుడుచుకుంటోంది. వేలు నీలంగా ఉంది.

"అయ్యో, ఇంక ఈడనే కూసున్నవా తమ్మీ?" అంది.

"నువ్వెప్పుడొచ్చినవ్ అక్కా?" అన్నాను.

"అన్నాలప్పుడు దవాఖానకు జీపు తోలిండ్రు. ఇంగ్లీషు కాయిదమొకటి ఉన్నది, ఆయన చేతులతోని అయితలేదు గద, నువ్వు ఏలుముద్రేస్తె నడుస్తదన్నరు. నేను ఎయ్యనన్న. మా బాలప్ప చదివి చెప్తెనే ఏస్త అని మొండికేసిన, గంటసేపు. గప్పుడా సారు పరదా జరిపి నిన్ను చూపెట్టిండు. అగో, అదే కాయిదం, బయట కూసోని చదువుతుండు, గలత్ ఉంటె ఊకుంటడా అన్నడు. చూసిన. నిజంగనే చదువుతున్నవ్. ఏలు వెట్టి చదువుతున్నవ్, పెదిమెలు గూడ కదుల్తున్నయ్. ఇగ నాకేం ఫికర్ అని ఏసిన." అని కొంగు వదిలి నా మొహంలోకి చూసింది. "మంచిగనే రాసిండ్రు గద తమ్మీ?"

బెంచీ మీద నుంచి లేచాను. ఆమె నాకు భుజం దాకా వస్తుంది, అలా తలెత్తి చూస్తోంది.

"నేను చూడలే అక్కా."

"దేన్ని?"

"సోమారం నాడు. డ్రమ్ము మీద ఏం రాసున్నదో నేను చూడలే. బావ ఎప్పటి లెక్కనే పేరు నా దిక్కు తిప్పి పెట్టిండు. నేను తలకాయ లేపలే. కూసున్నకాడికెల్లే చదివిన."

ఆమెకు వెంటనే అందలేదు. నొసలు ముడిచింది.

"చూడకుంట ఎట్ల చదువుతరు తమ్మీ?"

"నోటికొస్తది."

అంజన్న స్టూలు మీద నుంచి లేచి నిలబడ్డాడు. ఆగమ్మక్క నన్ను చూసింది, తరవాత తన వేలును చూసుకుంది, చాలాసేపు చూసుకుంది. అరుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను, పెడితే బాగుండేది. "నిద్రల గూడ గదే మాటంటుండు మనిషి," అంది మెల్లగా. "నేనే గలత్ తెచ్చిన, నేనే గలత్ తెచ్చిన అని. నాలుగు దినాల సంది." నా చొక్కా చెయ్యి పట్టుకుని తలుపు నెట్టింది. అమ్మా అమ్మా అని అంజన్న అడ్డం రాబోతే మోచేత్తో తోసేసింది.

మేనేజరు బల్ల మీద నుంచి తలెత్తి, "ఏమయ్యా, అయిందా?" అన్నాడు. నేను అలవాటు కొద్దీ చేతిలో కాయితం విప్పాను, కళ్లు మొదటి లైను మీదికి పోయాయి. ఆగమ్మక్క నా చేతిలోంచి కాయితం లాగేసింది.

"చదువుడు బందువెట్టు," అంది. "చెప్పు."

సార్ అన్నాను, కళ్లు ఆమె చేతిలోని కాయితాన్ని వెతుక్కున్నాయి. ఆమె చొక్కా వదల్లేదు. మళ్లీ మొదలుపెట్టాను.